సెకండ్ హ్యాండ్ స్కీస్ కొంటున్నారా, ముందు ఆ స్టిక్కర్ పీకించండి

డెన్వర్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళు ఎవరైనా ఈ సీజన్‌కి పాత స్కీస్ వెతుకుతుంటే ఇది చదివాకే డబ్బులు పంపండి. మా బావమరిది ఒక తెలుగాయన దగ్గరే 220 డాలర్లకి ఒక జత తీసుకున్నాడు, బైండింగ్స్ (బూటుని స్కీకి పట్టి ఉంచేవి, స్క్రూలతో బిగిస్తారు) లేకుండా ఒట్టి స్కీస్. "ఒక్కసారే మౌంట్ చేశాం బ్రో, హోల్స్ నీట్‌గా ఫిల్ చేసేశా, నీ బైండింగ్స్ బిగించుకోవడమే" అన్నాడంట ఆయన. ఫోటోల్లో బేస్ (స్కీ అడుగుభాగం) బాగానే ఉంది, ఎడ్జులు బాగానే ఉన్నాయి, బూటు వచ్చే చోట మాత్రం అడ్డంగా పెద్ద స్టిక్కర్. స్కీస్ మీద స్టిక్కర్లు వేయనోడెవడు, అనుమానం ఎందుకొస్తుంది చెప్పండి.

ఇంటికి తెచ్చాక పీకితే కింద మూడు సెట్ల హోల్స్! కొన్నిట్లో ఎపాక్సీ పోసేసి వదిలేశాడు, అది గట్టిపడి టాప్‌షీట్ (స్కీ పైపొర) మీద బొడిపెల్లా లేచి ఉంది. రెండిట్లో అయితే బాత్రూమ్ సింక్ చుట్టూ కొట్టే సిలికాన్ కుక్కాడు మహానుభావుడు, వేలితో నొక్కితే తాటిముంజెలా లోపలికి పోయి మళ్ళీ పైకొస్తోంది. దాన్ని పిన్నుతో బయటికి లాగితే వెనకే నల్లటి తడి చెక్కపొడి వచ్చింది. అంటే నీళ్ళు ఎప్పుడో లోపలికి దిగి కోర్, అంటే లోపలి చెక్క, కుళ్ళిపోయింది, ఇంక ఆ చుట్టుపక్కల ఏ స్క్రూ పెట్టినా ఊరికే గిర్రున తిరగడమే తప్ప పట్టుకోదు.

ఇదేదో చూడ్డానికి బాలేదనే గొడవ కాదండీ. పెద్దవాళ్ళ స్కీస్‌కి మామూలుగా హోల్ లోతు 9 మిల్లీమీటర్లు, మనిషి బరువంతా ఆ కాస్త చెక్కలో దిగిన స్క్రూల మీదే ఉంటుంది, స్పీడ్‌లో ఉన్నప్పుడు బైండింగ్ ఊడొస్తే మోకాలు గతి ఏంటో ఆలోచించండి. పాత హోల్‌కీ కొత్త హోల్‌కీ మధ్య ఒక సెంటీమీటర్ అయినా గ్యాప్ ఉంటే మంచిది, మూడు సెట్లు కొట్టాక ఇంక చోటెక్కడ? షాప్‌కి తీసుకెళ్తే అక్కడి టెక్నీషియన్ చేత్తో తడిమి చూసి మౌంట్ చేయనని వెనక్కిచ్చేశాడు. అమ్మినాయనకి ఫోటోలు పెడితే బ్లూ టిక్కులు పడ్డాయి, ఆ వెంటనే బ్లాక్. ఇప్పుడు ఇంకో జత అమ్మకానికి పెట్టాడు, అందుకే ఈ పోస్ట్.

ఇప్పటికే కొనేసినవాళ్ళు పాత గ్లూ తీయకుండా దాని మీదే బైండింగ్ పెట్టకండి. బొడిపె మీద కూర్చున్న టో పీస్ (బైండింగ్‌లో బూటు ముందు భాగాన్ని పట్టేది) సమంగా ఆనదు, కింద సందు ఉండిపోతుంది, ఎంత బిగించినా కొన్నాళ్ళకి లూజ్ అవుతుంది. పైకి లేచిన ఎపాక్సీని పదునైన ఉలితో పడుకోబెట్టినట్టు పట్టుకుని కొంచెం కొంచెంగా చెక్కాలి, టాప్‌షీట్ లేవకుండా. హోల్ లోపల ఉన్నదానికి స్కీ మీద రాసున్న సైజ్ డ్రిల్ బిట్, 3.5 లేదా 4.1 మిల్లీమీటర్లు, మెషీన్‌కి పెట్టకుండా చేత్తో తిప్పండి, లోతు దాటకుండా బిట్‌కి టేప్ చుట్టుకోండి, లేదంటే కింద బేస్‌లో బొడిపె లేస్తుంది. స్టిక్కర్ జిగురుకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు. యూట్యూబ్‌లో ఎవడో ఎసిటోన్ అన్నాడని పోసేరు, చాలా స్కీస్‌కి సైడ్‌వాల్ (పక్క గోడ) ఏబీఎస్ ప్లాస్టిక్, ఎసిటోన్ తగిలితే కరిగిపోతుంది. హీట్ గన్ కూడా వద్దు, స్కీలో పొరలన్నీ అంటుకుని ఉండేది ఎపాక్సీతోనే కాబట్టి పాత గ్లూతో పాటు స్కీ కూడా విడిపోతుంది.

పాత స్క్రూ ఎపాక్సీలో ఇరుక్కుని రాకపోతే మాత్రం వేడి పనిచేస్తుంది, సోల్డరింగ్ ఐరన్ కొన స్క్రూ తల మీద అర నిమిషం పెడితే గ్లూ మెత్తబడుతుంది. తిప్పడానికి 3 నంబర్ పోజీడ్రైవ్ బిట్ ఉండాలి, ఇంట్లో ఉండే ఫిలిప్స్‌తో తిప్పితే తల అరిగిపోయి అసలుకే మోసం.

సిలికాన్ కొట్టిన హోల్ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. ఎంత గీకినా సన్నటి పొర మిగిలిపోతుంది, దాని మీద ఏ గ్లూ అంటదు. అందుకే కొనేముందు స్టిక్కర్లు పీకించి, బైండింగ్స్ ఉంటే వాటి కింద కూడా ఎన్ని హోల్స్ ఉన్నాయో ఫోటో తీయించండి, ఏ గ్లూ వాడావని సూటిగా అడగండి. వుడ్ గ్లూ, ఎపాక్సీ అంటే ఓకే, బేరమాడొచ్చు. సిలికాన్ అన్నా, గుర్తులేదన్నా ఆ జత వదిలేయండి.