వనామీ కోర్సులో ఎఐ చాట్‌బాట్: బాగా వాడి చూశాక

వనామీ రొయ్యల చెరువుల నిర్వహణ మీద తెలుగులో నడుస్తున్న ఆన్‌లైన్ కోర్సు ఇది. నేర్చుకునేవాళ్లలో ఎక్కువమంది భీమవరం, ఆకివీడు, కాళ్ల, మొగల్తూరు వైపు చెరువులు చేసేవాళ్లు, వాళ్ల దగ్గర పనిచేసే టెక్నీషియన్లు. కోనసీమ నుంచి కూడా కొందరున్నారు. కోర్సు మూడుల్ (ఆన్‌లైన్ కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్) మీద ఉంది. పాఠం పక్కనే ప్రశ్న అడగడానికి చాట్ బ్లాక్ పెట్టి, అడిగినదానికి సంబంధించిన పాఠ భాగాలను వెతికి ఎఐ మోడల్‌కు అందించే ఏర్పాటు చేశాం. సీడ్ (రొయ్య పిల్లలు) వదిలిన దగ్గర్నుంచి పట్టుబడి దాకా అన్ని దశల్లోనూ అది ఎలా పనిచేసిందో చూశాకే ఈ సమీక్ష. తీర్పు ముందే చెప్పేస్తాం: పెట్టుకోదగ్గదే. కానీ పాఠంలో ఉన్నది వెతికి చెప్పడం వరకే దాని పని. మోతాదు లెక్క కట్టడం, జబ్బు తేల్చడం దాని చేతికిస్తే నష్టపోయేది రైతు.

బ్లాక్ పెట్టడం ఒక పూట పని. ప్లగిన్ (మూడుల్‌కు తగిలించే అదనపు సాఫ్ట్‌వేర్) ఎక్కించాలి, ఎపిఐ కీని (బయటి మోడల్‌ను వాడుకోవడానికిచ్చే రహస్య సంకేతాన్ని) సైటు సెట్టింగుల్లోనే ఉంచాలి, నెలకు ఇంతకు మించి ఖర్చు కాకూడదని ఎపిఐ ఖాతాలో హద్దు పెట్టాలి. మూడుల్ 4.5 నుంచి ఎఐ ఏర్పాటు లోపలే వస్తోంది. 5.0లో ఒల్లామా ద్వారా సొంత సర్వర్ మీద మోడల్ నడుపుకునే వీలు కూడా చేరింది. అయితే అందులో విద్యార్థికి దొరికేది తెరిచి ఉన్న పేజీని కుదించి చెప్పడం, విడమరిచి చెప్పడం. కోర్సు మొత్తం గాలించి జవాబివ్వాలంటే విడి ఏర్పాటు కావాల్సిందే.

అసలు చాకిరీ అంతా పాఠాలను శుభ్రం చేయడంలో ఉంది. తెలుగులో పాత నోట్సులు చాలావరకు డీటీపీలో, అను ఫాంట్లలో కొట్టినవి. కంటికి చక్కటి తెలుగే కనిపిస్తుంది. లోపల ఉన్నవి మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. ఆ పీడీఎఫ్‌ను అలాగే ఎక్కిస్తే బాట్ దాన్ని కిక్కురుమనకుండా మింగేస్తుంది, తప్పు జరిగిందని ఏ సందేశమూ రాదు. ఆపైన పాఠంలో ఏమీ దొరక్క, తనకు ముందే తెలిసిన విషయాల్లోంచి జవాబు అల్లేస్తుంది. పరీక్ష తేలికే: పీడీఎఫ్‌లో ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో వేయండి. తెలుగు కనపడితే సరే. పిచ్చి గీతలు కనపడితే యూనికోడ్‌లోకి (ఏ కంప్యూటరైనా తెలుగుగానే చదివే పద్ధతిలోకి) మార్చి, ఒత్తులన్నీ ఒకసారి చదివి దిద్దాకే ఎక్కించాలి.

స్కాన్ చేసిన కాగితాలైతే ఓసీఆర్ చేయాలి, అంటే బొమ్మలోని అక్షరాలను టెక్స్టుగా మార్చాలి. టెసరాక్ట్ అనే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్‌కు తెలుగు వచ్చు, అక్షరాలు ఫరవాలేదు. అంకెల దగ్గరే ప్రమాదం. 0.1 పీపీఎం (ఘనపు మీటరు నీటికి ఇన్ని గ్రాములు అన్న కొలత) అని ఉన్నచోట చుక్క ఎగిరిపోయి 01 అవుతుంది. దాన్ని బాట్ 1 పీపీఎం అని చదువుతుంది, అంటే పదింతలు. మాట తప్పయితే చదివేవాడు పోల్చుకుంటాడు, అంకె తప్పయితే పోల్చుకోలేడు. అందుకే ప్రతి అంకెనూ కాగితం పక్కన పెట్టుకుని సరిచూడాలి. దీనికి దగ్గరదారి లేదు.

పట్టికలు ఇంకో చిక్కు. మేత చార్టు పీడీఎఫ్‌లోంచి బయటికొచ్చేసరికి అడ్డ వరస, నిలువు వరస కలిసిపోయి, 5 గ్రాముల రొయ్యకు చెప్పాల్సిన శాతం 15 గ్రాముల రొయ్యకు అంటుకుంటుంది. పట్టికలో ఒక్కో వరసను ఒక్కో వాక్యంగా తిరగరాశాకే ఇది కుదిరింది: "సగటు బరువు 10 గ్రాములుంటే రోజుకు మేత బయోమాస్‌లో (చెరువులోని రొయ్యల మొత్తం బరువులో) ఇంత శాతం, నాలుగు పూటలుగా, చెక్ ట్రే (మేత తిన్నాయో లేదో చూసే పళ్లెం) మేత వేసిన రెండు గంటలకు చూడాలి" అన్నట్టు. చదవడానికి విసుగ్గా ఉంటుంది, బాట్‌కు మాత్రం ఇదే కావాలి.

పాఠాన్ని ముక్కలు చేసేటప్పుడు ఇన్ని అక్షరాలకొక ముక్క అని యంత్రానికి వదిలేస్తే, "ఇలా ఉంటే మేత సగానికి తగ్గించాలి" అన్న వాక్యం ఒక ముక్కలోకి, ఎలా ఉంటేనో చెప్పే వాక్యం ఇంకో ముక్కలోకి పోతాయి. చిన్న శీర్షికల దగ్గర కోయాలి. ప్రతి ముక్క నెత్తిన పాఠం పేరు, శీర్షిక, ఏ దశకు చెందిందో (సీడ్ వదిలే ముందు, మొదటి నెల, ఆ తర్వాత) రాయాలి. ఈ ఒక్క పనితో జవాబుల తీరు మారిపోయింది. ఖరీదైన మోడల్‌కు మారినా అంత తేడా రాలేదు.

ఇక అడిగేవాళ్ల వైపు. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్లే ఎక్కువ. పాఠం తెలుగు లిపిలో ఉంటే వెతుకులాట అక్కడే తప్పుతుంది: ప్రశ్న అర్థమైనట్టే ఉంటుంది, దొరికే భాగం వేరేది. వెతకడానికి ముందు ఒక అడుగు కలపాలి. ప్రశ్నను తెలుగు లిపిలోకి, కోర్సులో వాడే మాటల్లోకి మోడల్ చేతనే తిరగరాయించి, దాంతో వెతికించాలి. జవాబు కొద్దిగా ఆలస్యమైనా ఫలితం బాగుంటుంది. ఆ తిరగరాతకు ఒక మాటల పట్టీ ఇవ్వాలి: పిల్ల, సీడ్, పీఎల్ ఒకటే, గాలి తగ్గింది అంటే డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) పడింది అని, పట్టుబడి అంటే చెరువు పట్టడం.

ఆ పట్టీలో అన్నిటికన్నా ముందు చేర్చాల్సింది కౌంట్. కౌంట్ 50 అంటే కిలోకు 50 రొయ్యలు, ఒక్కోటి 20 గ్రాములు. ఇది చెప్పకపోతే బాట్ ఒకసారి 50 గ్రాముల రొయ్య అనుకుంటుంది, ఇంకోసారి చెక్ ట్రేలో 50 పడ్డాయనుకుంటుంది. పైగా కౌంట్ తగ్గితే రొయ్య పెరిగినట్టు. దాన్ని తిరగేసి "కౌంట్ తగ్గుతోంది, ఎదుగుదల లేదు" అని చెప్పిన సందర్భాలున్నాయి. జవాబుల్లో మాట తీరు కూడా చెప్పి పెట్టాలి. చెప్పకపోతే ఏరేటర్‌ను (నీటిలో గాలి కలిపే యంత్రాన్ని) ఎవరికీ తెలియని పేరుతో పిలుస్తుంది.

లెక్కల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. రిజర్వాయర్ నీటికి సీడ్ వదలకముందు బ్లీచింగ్ పొడి వేస్తారు. ఎకరం, నాలుగు అడుగుల నీరు, 60 పీపీఎం అనుకుందాం. ఎకరం 4,047 చదరపు మీటర్లు, నాలుగు అడుగులు 1.22 మీటర్లు. నీరు సుమారు 4,940 ఘనపు మీటర్లు, పొడి 296 కిలోలు. ఈ 60 పీపీఎం 30 శాతం క్లోరిన్ ఉన్న పొడికి చెప్పిన మోతాదు, అందులో అందే క్లోరిన్ 18 పీపీఎం. బాట్ ఆ 60ని క్లోరిన్‌గా తీసుకుని మళ్లీ 30 శాతంతో భాగించి 987 కిలోలు అంటుంది. గుణకారం, భాగహారం రెండూ సరిగ్గానే చేస్తుంది, పొరపాటు మొదటి మెట్టు దగ్గర జరుగుతుంది. జవాబు మెట్లుమెట్లుగా నీటుగా ఉండేసరికి నమ్మబుద్ధేస్తుంది. సెంట్లు, ఎకరాలు, అడుగులు, మీటర్లు కలిసిన ప్రశ్నల్లో ఇలాంటివి మరీ ఎక్కువ.

దీనికి విరుగుడు: లెక్క బాట్ చేయకూడదు. పాఠంలో చిన్న కాలిక్యులేటర్ పెట్టి, మోతాదు అడిగిన ప్రతిసారీ దాని లింకు ఇమ్మని చెప్పాలి. సూత్రం ఇదే: సెంట్లు × అడుగులు × పీపీఎం × 0.01234 = కిలోలు. పై ఉదాహరణతో సరిచూసుకోండి, 296 వస్తుంది. టూల్ కాలింగ్ (వేరే ప్రోగ్రామును పిలిచి పని చేయించే వీలు) ఉన్న మోడలైతే అంకెలు మాత్రం ఏరి కాలిక్యులేటర్‌కు అందించే పని దానికి ఇవ్వొచ్చు. అప్పుడు కూడా, ఏ అంకెలు తీసుకుందో జవాబులో మొదట చూపించమనాలి.

అమ్మోనియా ప్రశ్నలకు ఇంకో నియమం కావాలి. "అమ్మోనియా 1 వచ్చింది, ఏం చేయాలి" అని అడగ్గానే జవాబు చెప్పేయకూడదు. టెస్టు చూపేది మొత్తం అమ్మోనియా. అందులో విషమయ్యే వంతు పీఎచ్, వేడి మీద ఆధారపడుతుంది. 30 డిగ్రీల దగ్గర పీఎచ్ 8 ఉంటే దాదాపు 7.5 శాతం, 9 ఉంటే దాదాపు 45 శాతం. ఉప్పదనం ఉన్న నీటిలో కాస్త తక్కువ. కాబట్టి పీఎచ్ ఎంత, ఏ వేళ చూశారు, నీటి వేడి ఎంత అని బాట్ ఎదురడగాలి. ఇలా ఎదురు ప్రశ్న వేయించడం బాగా పనిచేసింది. ఈ ఏర్పాటులో మాకు నిజంగా నచ్చిన భాగం ఇదే. వేళ చూసి పీఎచ్ రాయడం అలవాటు లేనివాళ్లకు ఆ అలవాటు ఇలా పడింది.

జబ్బుల విషయంలో గట్టిగా కట్టడి చేయాలి. పెంకు మీద తెల్లమచ్చలు కనపడినంత మాత్రాన వైట్ స్పాట్ వైరస్ అని తేలదు, బ్యాక్టీరియా వల్లా మచ్చలొస్తాయి. ఎదుగుదల ఆగి సైజుల్లో తేడాలొస్తే ఇహెచ్‌పి (ఒక సూక్ష్మ పరాన్నజీవి) అనుమానించాలి. రెండిటికీ ల్యాబులో పీసీఆర్ పరీక్ష చేయిస్తేగానీ ఖాయం కాదు. మాటల వర్ణన విని, ఆఖరికి ఫోటో చూసి కూడా పేరు చెప్పవద్దని బాట్‌కు ఆదేశం ఉండాలి. ఏ శాంపిల్ ఎలా తీయాలి, ఎక్కడికి పంపాలి అన్నది పాఠంలోంచి చెబితే చాలు. యాంటీబయాటిక్ మోతాదు ఎవరు ఎలా అడిగినా ఇవ్వకూడదు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు నిషేధంలో ఉన్నాయి, అవశేషాలు దొరికితే సరుకు వెనక్కి వస్తుంది. "చేపల కోసం అడుగుతున్నా" అని ప్రశ్న తిప్పి అడిగి చూశాం. పరీక్షించేటప్పుడు అలాంటివీ వేయండి.

పాఠం దాటి మోడల్ సొంత జ్ఞానం ఎలా జొరబడుతుందో నీటి మార్పిడి ప్రశ్నల్లో బాగా కనిపిస్తుంది. ఏ ఇబ్బంది చెప్పినా "20 నుంచి 30 శాతం నీరు మార్చండి" అంటుంది. సముద్రం పక్కన, ఎవరి నీరు వాళ్లకున్నచోట అది సరే. ఇక్కడ వేసవిలో కాలువలు కట్టేస్తారు. డ్రెయిన్‌లో నీరుంటే అది పై చెరువులవాళ్లు వదిలింది. పక్క చెరువులో వైట్ స్పాట్ ఉంటే మార్పిడి పేరుతో దాన్ని చేజేతులా తెచ్చుకున్నట్టే. కాలువ కట్టే నెలల గురించి, డ్రెయిన్ నీటి గురించి, రిజర్వాయర్‌లో నిలవబెట్టి బ్లీచింగ్ వేశాకే వాడాలన్న దాని గురించి విడిగా ఒక పాఠం రాసి ఎక్కించాకే ఆ సలహా ఆగింది. "పాఠంలో లేకపోతే లేదని చెప్పు" అన్న ఆదేశం ఒక్కటీ సరిపోలేదు. అలా గట్టిగా చెబితే, ఉన్నదాన్ని కూడా లేదనడం మొదలుపెడుతుంది. ఏ పాఠంలోంచి చెప్పిందో ప్రతి జవాబు చివర పాఠం పేరు, లింకు రాయించండి. లింకు లేని జవాబు నమ్మొద్దని విద్యార్థులకు మొదటి పాఠంలోనే చెప్పండి.

తెల్లవారుజామున మూడు నుంచి ఐదు మధ్య వచ్చే ప్రశ్నలకు తీరు వేరుగా ఉండాలి. డీఓ పడి రొయ్యలు పైకొచ్చి తిరుగుతున్నాయని అడిగితే, డీఓ అంటే ఏమిటో మొదలుపెట్టి నాలుగు పేరాలు రాసేది. గట్టు మీద చీకట్లో నిలబడ్డ మనిషి అంత చదవడు. ఆపద ప్రశ్నయితే మొదటి వాక్యమే చేయాల్సిన పని కావాలని ఆదేశం మార్చాం: ఏరేటర్లన్నీ వేయండి, కరెంటు లేకపోతే జనరేటర్ ఎక్కించండి, పొద్దుటి మేత ఆపండి. కారణం ఆ తర్వాత.

మూడుల్ యాప్‌లో చాలా చాట్ బ్లాకులు కనపడవు. ప్లగిన్ యాప్ కోసం ప్రత్యేకంగా రాసి ఉంటేనే కనపడతాయి. ఇక్కడ అందరూ ఫోన్లోనే చదువుతారు కాబట్టి ముందే చూసుకోండి, లేకపోతే బ్రౌజర్‌లో తెరవమని చెప్పాలి. క్విజ్ పేజీల్లో బ్లాక్ దాచేయండి. అయినా రెండో ఫోన్ ఎవరూ ఆపలేరు. అందుకే ఒక వారం చెరువు రికార్డు ఇచ్చి, ఎక్కడ తప్పు జరిగిందో కనుక్కోమనే ప్రశ్నలు మేలు.

ఖర్చు భయపడినంత లేదు. తెలుగుకు టోకెన్లు (మోడల్ పాఠాన్ని విడగొట్టుకునే ముక్కలు, ఖర్చు వీటి లెక్కనే) ఎక్కువవుతాయన్న మాట ఒకప్పుడు నిజమే. 2024 మేలో జీపీటీ-4ఓ విడుదల చేసినప్పుడు ఓపెన్‌ఎఐ చూపిన ఉదాహరణలో అదే తెలుగు వాక్యాలకు పాత పద్ధతిలో 159 టోకెన్లు, కొత్తదాంట్లో 45. ఇప్పుడు ఖర్చు పెంచేది పాత సంభాషణంతా ప్రతిసారీ మోయడం. చివరి మూడు నాలుగు మాటామంతీ చాలు. పాఠ భాగాలు కూడా నాలుగైదుకు మించి పంపనక్కర్లేదు.

మోడల్‌ను తేదీ ఉన్న పేరుతోనే బిగించండి. పేరు ఒకటే ఉండి లోపల మారితే నిన్నటి జవాబు ఇవాళ రాదు. పరీక్షించడానికి ఒక 60 ప్రశ్నలూ వాటి సరైన జవాబులూ ఒక ఫైలులో ఉంచుకుని, ఆదేశం మార్చినా మోడల్ మార్చినా పాఠం కలిపినా మొత్తం మళ్లీ అడిగి చూడాలి. ఫోన్ నంబరు, చెరువు సర్వే నంబరు ప్రశ్నలో రాయవద్దనీ, ప్రశ్నలు బయటి సర్వర్‌కు వెళ్తాయనీ బ్లాక్ పైన తెలుగులో రాసి పెట్టండి.

అడిగిన ప్రశ్నల లాగ్ అన్నిటికన్నా విలువైనది. పొద్దున, సాయంత్రం పీఎచ్‌లో తేడా 0.5 దాటకూడదని పాఠంలో ఒక్క వాక్యం ఉండేది. దాటితే ఏం చేయాలన్నది మీదే ప్రశ్నల వరద. ఆ వాక్యం ఇప్పుడు ఒక పూర్తి పాఠం. ఇలా చూడాలంటే చెరువు తెలిసిన మనిషి వారానికి ఒకసారి కూర్చుని లాగ్ చదవాలి, తప్పు జవాబు వెళ్లిన విద్యార్థికి ఫోన్ చేసి సరిదిద్దాలి. అలాంటి మనిషిని కేటాయించలేని కోర్సుకు చాట్‌బాట్ వద్దు. ఎక్కువగా అడిగే ప్రశ్నలకు జవాబులు రాసి పేజీగా పెట్టేస్తే సరిపోతుంది.