ట్రిపుల్ నెగెటివ్: ముందు ఆపరేషనా, ముందు కీమోనా?

అక్కకి ట్రిపుల్ నెగెటివ్ రొమ్ము క్యాన్సర్ అని తేలినప్పటి నుంచి ఇక్కడ చెన్నైలో మనవాళ్ళు ఫోన్ చేసి అడిగేది ఒకటే, గడ్డని లోపల ఉంచుకుని కీమో అంటున్నారు, ఈలోగా పాకిపోదా, ముందు కోసేస్తే పీడ పోతుంది కదా అని. అక్క కూడా అదే పట్టు పట్టింది. "ముందు దీన్ని తీసెయ్యమను, తర్వాత ఏ మందైనా ఎక్కించుకుంటా" అంది.

ఆ టెన్షన్ ఊరికే రాలేదు. ఇది తొందరగా పెరిగే రకం, హార్మోన్ గ్రాహకాలు, హెర్2 అనే ప్రొటీన్ దీని కణాల మీద ఉండవు కాబట్టి హార్మోన్ మాత్రలు, హెర్2 ఇంజెక్షన్లు దీనికి పనిచేయవు, తిరగబెడితే ఎక్కువగా మొదటి మూడేళ్ళలోనే. గడ్డ సెంటీమీటరు లోపుండి చంక గ్రంథులకు పాకకపోతే ముందు ఆపరేషనే సరి. 2 సెంటీమీటర్లు దాటినా, గ్రంథుల్లో కనిపించినా నేను ముందు కీమో వైపే. మధ్యలో ఉంటే డాక్టరే తేల్చాలి.

ఎందుకంటే, గడ్డ తీసేశాక కీమో ఇస్తే ఆ మందు పనిచేస్తోందో లేదో చూడటానికి ఒంట్లో ఏమీ మిగలదు. ముందే ఇస్తే కళ్ళముందే తెలుస్తుంది. మూడో విడత కీమో తర్వాత అక్క స్నానం చేసి వచ్చి "వేళ్ళకి దొరకట్లేదే" అంది, నా చెయ్యి పట్టుకుని చూపించింది. గడ్డ కరిగిపోతే సర్జన్‌కి చోటు తెలియాలి కాబట్టి ముందే లోపల నూకగింజంత క్లిప్ పెడతారు, పెట్టారో లేదో తప్పకుండా అడగండి.

అంతకంటే ముఖ్యం, కీమో తర్వాత కూడా కొంచెం మిగిలితే మందు మార్చొచ్చు. జపాన్, కొరియాల్లో చేసి 2017లో ప్రచురించిన క్రియేట్-ఎక్స్ అనే అధ్యయనంలో, అలా మిగిలిన ట్రిపుల్ నెగెటివ్ వాళ్ళకి కాపెసిటబైన్ అనే కీమో మాత్రలు ఇస్తే ఐదేళ్ళకి బతికున్నవాళ్ళు నూటికి 70 నుంచి 79కి పెరిగారు. ముందే కోసేసుంటే ఎవరికి మిగిలేదో ఎలా తెలుస్తుంది? వంశపారంపర్యంగా వచ్చే జన్యులోపం ఉందో లేదో చూసే బీఆర్‌సీఏ రక్తపరీక్ష రిపోర్టు రావడానికీ కీమో నడిచే ఆ నెలలు కలిసొస్తాయి, ఒక రొమ్ము తీయించుకోవాలా రెండూనా అన్నది దాన్నిబట్టి ఆలోచించుకోవచ్చు.

ఒంట్లో రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే పెంబ్రోలిజుమాబ్ ఇంజెక్షన్ కూడా ముందు కీమోతో కలిపి మొదలుపెట్టేదే, ఖర్చు మాత్రం లక్షల్లో. ఆకు పసర్ల గురించి అడిగేవాళ్ళకి, వద్దు.

అక్కకి ఆపరేషన్‌లో 4 మిల్లీమీటర్ల గడ్డ మిగిలినట్టు వచ్చింది. ఇప్పుడు ఆ కాపెసిటబైన్ మాత్రలే వేసుకుంటోంది. వాటివల్ల అరచేతులు ఎర్రబడి మండుతుంటే క్రీము రాసుకుని, చపాతీపిండి నన్ను కలపమంటోంది.