తూటా గొట్టం మెడకు ఏది మేలు: బంతా, బుషింగా, మాండ్రెలా?

కాల్చిన తూటా ఇత్తడి గొట్టంలో బుల్లెట్‌ను పట్టి ఉంచే మెడ వెడల్పవుతుంది, దాన్ని దేనితో మళ్లీ బిగించాలి? అమెరికాలో రీలోడింగ్ (ఖాళీ గొట్టాన్ని మళ్లీ నింపి తూటా చేయడం) మొదలుపెట్టిన మన మిత్రులు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఇది. నా .308 విన్చెస్టర్ రైఫిల్‌కు ఈమధ్యే పద్ధతి మార్చాను కనుక ఆ లెక్కలతోనే చెబుతాను.

మామూలు ఫుల్ లెంగ్త్ డై (గొట్టం మొత్తాన్ని నొక్కి కొలతకు తెచ్చే అచ్చు) మెడను ముందు అవసరానికి మించి నొక్కేస్తుంది. గొట్టం కిందికి దిగేటప్పుడు కడ్డీకి ఉన్న బంతి మెడను లోపలినుంచి మళ్లీ తెరుస్తుంది. ధర తక్కువ, పని ఒక్క విడతలో అయిపోతుంది. వేట తూటాలకు ఇది చాలు. చిక్కంతా ఆ లాగుడులో ఉంది. మెడ లోపల పొడిగా ఉంటే, గొట్టాన్ని డైలోకి తోసి లాగే ప్రెస్ పిడి బరువెక్కుతుంది, కీచుమని చప్పుడు వస్తుంది. ఆ క్షణంలో గొట్టాన్ని పట్టి ఉంచేది అడుగున ఉన్న అంచు ఒక్కటే. అందువల్ల మెడ ఒక పక్కకు వాలుతుంది, ఒక్కోసారి మెడ కింద వాలుగా ఉండే భుజం కూడా పైకి సాగుతుంది. అలా చేసిన తూటాలను గేజ్ మీద తిప్పి చూస్తే కొన్నింటికి ముల్లు 0.004 అంగుళం దాకా ఊగింది. బంతినే వాడేవారు మెడ లోపల కొంచెం కందెన రాయడం మాత్రం మానవద్దు.

బుషింగ్ డైలో మెడను బయటినుంచి నొక్కేది మనం మార్చుకోగల ఉంగరం (బుషింగ్), కనుక కొలత మన చేతిలో ఉంటుంది. నా గొట్టాల మెడ గోడ మందం 0.015 అంగుళం. బుల్లెట్ 0.308, రెండు వైపుల గోడలు 0.030, మొత్తం 0.338. పట్టు (బుల్లెట్ కంటే మెడ ఎంత బిగుతో ఆ తేడా) 0.002 కావాలంటే 0.336 బుషింగ్ వేయాలి. అనవసరమైన నొక్కుడు ఉండదు, ఇత్తడి ఎక్కువ కాలం మన్నుతుంది. అయితే ఫ్యాక్టరీ ఛాంబర్లో (రైఫిల్‌లో తూటా కూర్చునే చోట) మెడ బాగా వ్యాకోచిస్తుంది. దాన్ని ఒకేసారి అంత దూరం నొక్కకుండా రెండు బుషింగులతో రెండు విడతల్లో తేవడం మంచిది.

నా దృష్టిలో తేల్చవలసిన విషయం మాత్రం వేరే ఉంది. మెడ గోడ చుట్టూ ఒకే మందంలో ఉండదు. బుషింగ్ బయటినుంచి గుండ్రం చేస్తుంది కనుక ఆ హెచ్చుతగ్గులన్నీ లోపలికి చేరతాయి. బుల్లెట్ కూర్చునేది అక్కడే! మాండ్రెల్, అంటే మెడలోకి దించే నునుపైన కడ్డీ, ఆ తేడాలను బయటికి నెడుతుంది. బయట ఛాంబర్లో ఎలాగూ ఖాళీ ఉంటుంది. పైగా అది లాగదు, పైనుంచి మెడలోకి దిగుతుంది, గొట్టం అడుగు ప్రెస్ మీద నిలకడగా ఆని ఉంటుంది. ఇప్పుడు నేను 0.334 బుషింగ్‌తో మొదట కాస్త ఎక్కువ బిగించి, 0.306 మాండ్రెల్‌తో తెరుస్తున్నాను. ఇత్తడి కొద్దిగా వెనక్కి ముడుచుకుంటుంది కనుక పట్టు 0.002 కంటే రవ్వంత ఎక్కువే వస్తుంది. బుల్లెట్ దించేటప్పుడు తేడా చేతికే తెలిసింది. ఇదివరకు ఒకటి జారేది, ఇంకొకటి మొరాయించేది. ఇప్పుడు వరసగా ఇరవై బుల్లెట్లు ఒకే ఒత్తిడితో దిగుతున్నాయి.

కాలెట్ డై (మెడను లోపలి కడ్డీ మీదికి చుట్టూ నొక్కే డై) మెడ వరకు శుభ్రంగా పనిచేస్తుంది, కందెన కూడా అక్కర్లేదు. కాని గొట్టం ఒంటిని ముట్టుకోదు. కొన్నిసార్లు కాల్చాక బోల్టు మూయడం కష్టమవుతుంది, అప్పుడు ఫుల్ లెంగ్త్ డై వాడక తప్పదు. ఇక మెడను చెక్కి మందం సరిచేసే పని బిగుతు ఛాంబర్ ఉన్నవారికి, బెంచ్‌రెస్ట్ (రైఫిల్‌ను బల్ల మీద ఆనించి కాల్చే) పోటీదారులకు.

ఏ పద్ధతి ఎంచుకున్నా గట్టిపడిన ఇత్తడిని కాచి మెత్తబరచకపోతే ముడుచుకోవడం ఒక్కో గొట్టానికి ఒక్కోలా ఉంటుంది, పట్టు కుదరదు. పట్టు మార్చినప్పుడు గరిష్ఠ మోతాదుకు దగ్గరగా ఉన్నవారు పౌడర్ తగ్గించి మళ్లీ మొదలుపెట్టాలి.

బుషింగ్ డైకి ఇప్పుడే డబ్బు పెట్టలేనివారు తమ దగ్గరున్న డైలో బంతిని తీసేసి, వాడిన ప్రైమర్‌ను బయటికి తోసే పిన్ను మాత్రం ఉంచి, మాండ్రెల్ ఒక్కటే కొనుక్కోండి. ఇత్తడి కొంచెం ఎక్కువ అలసిపోతుంది కాని, మెడ మాత్రం తిన్నగా నిలుస్తుంది.