బెంగళూరులో లాల్‌బాగ్ దగ్గర కొన్న జెర్బెరా, కనకపుర రోడ్డులో కొన్న దుంపలు

ఎనిమిదంగుళాల కుండీలో జెర్బెరా (చామంతి కుటుంబపు పూల మొక్క), విచ్చిన పూలు మూడు, మొగ్గలు రెండు. ధర 350 రూపాయలు. "ఏళ్ల తరబడి పూస్తుంది సార్, ఏమీ చూసుకోనక్కర్లేదు" అని హామీ ఇచ్చి మరీ అమ్మారు. ఆ రాత్రి లాడ్జి వరండాలో కుండీ బోర్లిస్తే అసలు సంగతి బయటపడింది. చుట్టూ అంతా ఎర్రమట్టి, నడుమ టీ గ్లాసంత కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) ముద్ద, దాన్ని బిగించి పట్టుకున్న తెల్లటి జాలీ గుడ్డ. ఒక్క వేరు కూడా ఎర్రమట్టిలోకి దిగలేదు. ట్రేలోని చిన్న మొక్కను కొద్ది రోజుల కిందటే పెద్ద కుండీలోకి మార్చి, కుండీ సైజుకి రేటు కట్టారన్నమాట.

అంతకంటే పెద్ద తప్పు, మొదలును అంగుళం లోతున పూడ్చడం. జెర్బెరాకి ఆకులన్నీ పుట్టుకొచ్చే చోటు మట్టికి పైనే ఉండాలి. అది పూడితే నీళ్లు నిలిచి కుళ్లు పడుతుంది. నడిమి ఆకును మెల్లగా లాగితే చేతికే వచ్చేసింది, అడుగంతా గోధుమరంగు, మెత్తన. పొద్దున్నే తిరిగి తీసుకెళ్తే "పూసిన మొక్క వాపసు తీసుకోం" అని మొహం తిప్పేసుకున్నారు. మా వదిన మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

లాల్‌బాగ్ పూల ప్రదర్శన బాగుంది. గ్లాస్ హౌస్ లోపలికి వెళ్లాలంటే వారం మధ్యలో, గేటు తీసే వేళకే చేరండి. మెట్రో లాల్‌బాగ్ స్టేషన్‌లో దిగితే ఆటో బేరాల గొడవే ఉండదు. లాడ్జి రోజుకి 1,400. గది ఇరుకే అయినా, కింద కుళాయి దగ్గర మొక్కలు పెట్టుకోనిచ్చారు. మొక్కలు కొనడానికి వచ్చేవాళ్లు గది చూసేముందు ఇది అడగాలి.

మూడో రోజు కనకపుర రోడ్డు వైపు ఒక చిన్న నర్సరీ. ఆటోకి 260 అయింది. షేడ్ నెట్ కింద నాలుగే వరసలు, పూసినవి తక్కువ, ఆకు మీదున్నవి ఎక్కువ. నడిపే ఆవిడ తెలుగావిడే. అడగకముందే కవర్ విప్పి వేర్లు చూపించింది: తెల్లగా, మట్టి ముద్ద అంచుల దాకా అల్లుకుని ఉన్నాయి. కొనదగ్గ మొక్క అంటే అదీ. వదిన అజేలియా అనే పూల పొద మీద చెయ్యి వేయగానే ఆవిడ మా ఊరు అడిగింది. అనంతపురం అనగానే "అక్కా, మీ బోరు నీళ్లకి ఇది ఆగదు, తీసుకోవద్దు" అంది. 450 రూపాయల బేరాన్ని తనే వదులుకుంది. చెప్పింది నిజం. అజేలియాకి పులుపు నేల కావాలి, పీహెచ్ (నేల పులుపును చెప్పే కొలత) 4.5 నుంచి 5.5. సున్నం ఎక్కువున్న నీళ్లు పోస్తే ఇనుము అందక లేతాకులు పసుపెక్కుతాయి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి.

ఫోన్లో హెల్లెబోర్ బొమ్మ చూపించి "ఇది దొరుకుతుందా" అని అడిగినా ఆవిడ లేదనే చెప్పింది. చలికాలం చివర్లో మంచు పక్కనే పూసే ఆ మొక్కలకి నెలల తరబడి గట్టి చలి ఉండాలి. బెంగళూరు 900 మీటర్ల ఎత్తున ఉన్నా జనవరి రాత్రులు పదిహేను డిగ్రీల దగ్గరే ఆగిపోతాయి. తులిప్ దుంపలు అమ్మేవాళ్లూ ఉన్నారు. ముందే చల్లటి గదిలో ఉంచినవైతే ఒక్కసారి పూస్తాయి, మన ఊళ్లలో మరుసటేడు ఆశ పెట్టుకోకూడదు.

మన వైపుకి సరిపోయేది అమరిల్లిస్ అనే దుంప పూల మొక్క. దుంప 80 చొప్పున ఆరు తీసుకున్నాం. దుంపలో మూడో వంతు మట్టిపైన ఉండేలా నాటాలి. కుండీ దుంపకంటే చుట్టూ రెండు వేళ్ల వెడల్పు ఎక్కువుంటే చాలు. మొగ్గ తల ఎత్తేదాకా నీళ్లు పొదుపుగానే పోయాలి, ముందే తడిపితే దుంప కుళ్లుతుంది. పూలు అయ్యాక కాడ కోయండి, ఆకులు కోయకండి. వచ్చే ఏటి పువ్వుకి బలం వాటిదే. జెరేనియం పూల మొక్క 120. ఎండాకాలం మధ్యాహ్నపు ఎండ తగలకుండా, వానల్లో చూరు కింద ఉంచితే ఏళ్లు బతుకుతుంది. వానలు వెళ్లాక నాలుగంగుళాల కొమ్మ కత్తిరించి, కోసిన చోటు ఒక పూట ఆరనిచ్చి ఇసుకలో గుచ్చితే కొత్త మొక్క.

బయల్దేరే ముందురోజు తడపండి, ఆ రోజు పొయ్యకండి. బరువూ తగ్గుతుంది, మట్టీ రాలదు. అట్టపెట్టెకి బొక్కలు పెట్టి సీటు కిందే ఉంచుకోవాలి, డిక్కీ వేడికి ఆకులు ఉడికిపోతాయి. పెట్టెకి బస్సులో 100 అడిగారు, ఇచ్చాం. ఇంటికొచ్చాక వారం నీడలో. ఆ వారంలో కుండీ మార్చకూడదు.

జెర్బెరాకి మాత్రం ఆ వారం ఆగలేదు. జాలీ నిలువునా చీల్చి తీసేసి, కుళ్లిన భాగం కోసి, లీటరు నీటికి మూడు గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ (బూజు తెగుళ్ల మందు) కలిపి తడిపి, మొదలు పైకి ఉండేలా అయిదంగుళాల కుండీలో తిరిగి నాటాం. రెండు పిలకలు మిగిలాయి. వేరు పట్టేదాకా వాటికి వచ్చిన మొగ్గ వచ్చినట్టే వదిన తుంచేస్తోంది.