తాతగారి రాతబల్లకు వెల కట్టించాం

మా తాతగారు కరణం. 1984లో ఆ వ్యవస్థ రద్దయ్యాక దస్త్రాలు పోయాయి గానీ, ఏటవాలు మూత ఉన్న రాతబల్ల మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. అది రోజ్‌వుడ్ అనీ, లక్షలు పలుకుతుందనీ మా బాబాయి ముప్పై ఏళ్లుగా చెబుతున్నాడు. పాత సామాన్ల కొట్టాయనకు చూపిస్తే అయిదు వేలకు మించదన్నాడు. అంటూనే బండి మాట్లాడబోయాడు! అందుకే అమ్మకంతో సంబంధం లేకుండా, రెండు వేలు రుసుము తీసుకుని వెల మాత్రమే చెప్పే ఒకాయనను పిలిచాం.

ఆయన మూత జోలికే పోలేదు. సొరుగు లాగి, తిరగేసి, మూల అతుకులు చూపించారు. పావురం తోక ఆకారంలో కోసిన పళ్లు ఒకటి సన్నం, ఒకటి లావు; పక్కనే వడ్రంగి గీసుకున్న గుర్తు గీత. యంత్రం అలా కోయదట. అడుగు చెక్కను కాస్త గీకి వాసన చూడమన్నారు. తోలు, నూనె కలిసినట్టుంది. టేకు! రోజ్‌వుడ్ అనుకున్నది పైన పట్టించిన రంగు. తాళంకప్పకు ఉన్న రెండు మరలకు కూడిక గుర్తులాంటి గాట్లున్నాయి. అలాంటివి వాడుకలోకి వచ్చింది 1930ల తర్వాతే కాబట్టి, అంతకంటే పాతదైన ఈ బల్లకు తర్వాత తాళం మార్చారన్నమాట.

అమ్మితే నలభై వేలు, అదే పనితనంతో కొత్తది చేయించాలంటే అంతకు రెట్టింపు అని రెండు లెక్కలు విడివిడిగా రాసిచ్చారు. సిరా మరకలు గీకించవద్దని, మళ్లీ పాలిష్ పెట్టించవద్దని గట్టిగా చెప్పారు.

రెండు గంటలు ఆలస్యంగా వచ్చారు, నివేదికలో ఫోటోలు లేవు. అడిగాక పంపారు. బాబాయి ఇంకా నాతో మాట్లాడటం లేదు.