పసిపిల్లలకు అవకాడో: దిగుమతి హాస్ కొనాలా, మన బటర్ ఫ్రూట్ చాలా?

మా పాపకు తల్లిపాలతో పాటు అనుబంధ ఆహారం మొదలుపెట్టినప్పటి నుంచి ఇంట్లో రెండు రకాల అవకాడో వాడుతున్నాము. ఒకటి సూపర్ మార్కెట్లలో స్టిక్కర్ అంటించి కాయ లెక్కన అమ్మే దిగుమతి హాస్ రకం. రెండవది కొడగు, నీలగిరుల వైపు నుంచి వానాకాలంలో హైదరాబాద్ పండ్ల మార్కెట్లకు వచ్చి కిలోల లెక్కన అమ్ముడుపోయే పెద్ద ఆకుపచ్చ కాయ. జ్యూస్ సెంటర్లలో బటర్ ఫ్రూట్ అనేది దీనినే. ఒక్క హాస్ కాయకు పెట్టే డబ్బుతో డజను అరటిపండ్లు వస్తాయి కనుక, ఆ ఖర్చుకు తగిన ప్రయోజనం ఉన్నదా అన్నదే నా ముందున్న ప్రశ్న.

ప్రయోజనం ఉన్నది, అది ముఖ్యంగా కొవ్వులో ఉన్నది. తల్లిపాల నుంచి బిడ్డకు అందే శక్తిలో దాదాపు సగం కొవ్వు నుంచే వస్తుంది. ఆరు నెలలు నిండాక మనం పెట్టే ఆపిల్ గుజ్జు, అరటిపండు, పలుచని బియ్యపు జావల్లో అది నామమాత్రం. పసివాళ్ల పొట్ట చిన్నది కాబట్టి తిన్న నాలుగు చెంచాలలోనే శక్తి ఉండాలి. హాస్ గుజ్జు నూరు గ్రాములలో సుమారు 160 కేలరీలు, 15 గ్రాముల కొవ్వు ఉంటాయి, అందులో ఎక్కువ భాగం వేరుశనగ నూనెలోనూ ప్రధానంగా ఉండే ఒలీయిక్ ఆమ్లం అనే కొవ్వు రకమే. పీచు ఏడు గ్రాముల దాకా ఉండడం వల్ల, అన్నం మొదలుపెట్టిన కొత్తలో విరేచనం గట్టిపడి ఏడ్చే పిల్లలకు ఇది మేలు చేస్తుంది. చక్కెర ఒక గ్రాము కూడా ఉండదు. అరటిపండులో అదే పరిమాణానికి పన్నెండు గ్రాములుంటుంది. తీపి లేని పండు రుచి నాలుకకు ముందే అలవాటు కావడం నా దృష్టిలో పోషకాల పట్టికకు ఎక్కని లాభం. ఫోలేట్ (ఒక బి విటమిన్), పొటాషియం, విటమిన్ కె కూడా చెప్పుకోదగినంత ఉన్నాయి. ఉడికించిన క్యారెట్‌తోనో గుమ్మడితోనో కలిపి పెడితే, వాటిలోని బీటా కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఎగా మారే పదార్థం) ఒంటికి పట్టడానికి ఈ కొవ్వు తోడ్పడుతుంది.

అయితే ఇది ఒక్కటి పెడితే చాలు, మెదడు చురుకవుతుంది అన్నట్లు సాగే ప్రచారంతో నేను ఏకీభవించను. ఆరు నెలల తరువాత బిడ్డకు అత్యవసరమైనది ఇనుము, అది అవకాడో నూరు గ్రాములలో అర మిల్లీగ్రాముకు కాస్త అటూ ఇటూ మాత్రమే. ఆ లోటు పప్పులు, గుడ్డు, మాంసం వంటివే తీర్చాలి. మెత్తగా ఉడికిన పప్పన్నంలో నెయ్యి వేసి పెట్టే ఇంట్లో కొవ్వుకు కొరత ఉండదు కనుక, అవకాడో కొనలేకపోతున్నామని ఏ తల్లీ నొచ్చుకోవలసిన పని లేదు. పప్పన్నం పక్కన ఇది చేరాలే తప్ప దాని స్థానంలోకి రాకూడదు.

కొనేటప్పుడు అసలు చిక్కు పక్వానిదే. ఈ కాయ చెట్టు మీద పండదు, కోశాకే మెత్తబడుతుంది. హాస్ తొక్క గరుకుగా ఉండి పండే కొద్దీ నల్లబడుతుంది. బటర్ ఫ్రూట్ ఎంత పండినా పచ్చగానే ఉండవచ్చు కాబట్టి రంగును నమ్మకూడదు. అరచేతిలో పెట్టుకుని తేలికగా నొక్కితే కొద్దిగా లొంగాలి. తొడిమ బుడిపెను గోటితో కదిపితే సులువుగా ఊడి, కింద లేతపచ్చ కనిపించాలి. గోధుమరంగు కనిపిస్తే లోపల చెడిపోయి ఉండే అవకాశం ఎక్కువ. నేను ఆర్డరు పెట్టిన ఒక డెలివరీ యాప్ వాళ్లు 'తినడానికి సిద్ధం' అని రాసి రాయి వంటి కాయలు పంపారు. అరటిపండ్లతో కలిపి కాగితపు సంచిలో ఉంచితే గాని అవి దారికి రాలేదు.

కోసే ముందు తొక్కను కడగాలి, లేకపోతే పైనున్న మురికి కత్తి వెంట గుజ్జులోకి దిగుతుంది. మొదట్లో పావు కాయను ఫోర్కుతో మెదిపి, తల్లిపాలు కలిపి పలుచన చేసి పెట్టాము. ఏడాది లోపు ఉప్పు, పంచదార అక్కరలేదు, తేనె అసలే కూడదు. పట్టుకుని తినే వయసులో ముక్క చేతిలోంచి జారిపోతుంటే, వేయించిన రాగి పిండిలో దొర్లించి ఇస్తే పట్టు దొరుకుతుంది. పెద్ద జారుడు ముక్కలు గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉన్నది కాబట్టి పక్కన మనిషి ఉండి తీరాలి. రబ్బరు లేటెక్స్ పడని వారిలో కొందరికి అవకాడో కూడా పడదు. ఇంట్లో అటువంటి వారుంటే ముందుగా పిల్లల వైద్యుణ్ని అడగడం మంచిది. కోసిన గుజ్జు గాలి తగిలి నల్లబడుతుంది, నాలుగు చుక్కల నిమ్మరసం దాన్ని కొంత ఆపుతుంది. వేడి చేస్తే చేదెక్కుతుంది, కాబట్టి ఉడికే ఉగ్గులో వేయకుండా చల్లారాక కలపాలి.

ఇక రెండింటిలో ఏది? గుజ్జు చిక్కదనంలో, రుచిలో హాస్‌దే పైచేయి. పచ్చతొక్క పెద్ద రకాలలో నీరు ఎక్కువ, కొవ్వు నూరు గ్రాములకు పది గ్రాముల దగ్గర ఆగుతుంది. అయినా దానితోనూ పిల్లల అవసరం చక్కగా తీరుతుంది, పైగా కొంచెం తియ్యగా ఉండడం వల్ల మా పాప దానినే త్వరగా మింగింది. అందుచేత సీజన్‌లో బటర్ ఫ్రూట్ కొంటాము, మిగతా రోజుల్లో అప్పుడప్పుడు చిన్న హాస్ తెస్తాము. బడికి వెళ్లే మా పెద్దవాడికి జ్యూస్ సెంటర్ మిల్క్‌షేక్ మాన్పించాము, ఎందుకంటే అందులో పండు కన్నా పంచదార, ఐస్‌క్రీమే ఎక్కువ. వాడికి ఇంట్లోనే గుజ్జును గడ్డ పెరుగులో గిలకొట్టి, వేయించిన జీలకర్ర పొడి, చిటికెడు ఉప్పు వేసి చపాతీకి పెరుగు పచ్చడిలా ఇస్తే పేచీ లేకుండా తింటున్నాడు.