299 రూపాయలు పోతే పోయాయి, కథ పోకుండా చూసుకోండి

చిన్న వెబ్ పత్రికలకు ప్రయోగ కథలు పంపేవాళ్లకి ఈ హెచ్చరిక. "కొత్త తరహా కథలకు ఆహ్వానం, ఎంట్రీ ఫీజు 299 మాత్రమే, సర్టిఫికెట్, సంకలనంలో సహరచయిత హోదా" అని వాట్సాప్‌లో పోస్టర్ వస్తే, ఫోన్‌పే తెరిచేముందు ఓ లెక్క వేయండి. వందమంది కడితే 29,900 రూపాయలు. ఆ వందమందీ ఎంపికవుతారు, ఎందుకంటే తమ కథ లేని సంకలనాన్ని ఎవరూ కొనరు. ఆర్డరు వచ్చినన్ని కాపీలే అచ్చు వేయిస్తారు గనక నిర్వాహకుల జేబులోంచి రూపాయి కదలదు. రాసినవాళ్లే కొంటారు, చదివితే వాళ్లే చదువుతారు.

పుస్తకాన్ని గుర్తించడానికిచ్చే నంబరు ఐఎస్‌బిఎన్. "ఐఎస్‌బిఎన్ ఖర్చులు" అని విడిగా వసూలు చేస్తే అక్కడే ఆగిపోండి. మన దేశంలో ఆ నంబరును రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. పత్రికలకిచ్చే అలాంటి నంబరు ఐఎస్‌ఎస్‌ఎన్ కూడా ఉచితమే. పైగా ఆ నంబర్లు ఉన్నంత మాత్రాన లోపలి కథలు బాగున్నాయని ఎవరూ హామీ ఇచ్చినట్టు కాదు.

ఫీజు తీసుకునేవాళ్లంతా దొంగలని కాదు. అమెరికాలో చాలా ఇంగ్లిష్ పత్రికలు రచనలు పంపే సైటు సబ్‌మిటబుల్ ద్వారా 3 డాలర్ల దాకా తీసుకుంటాయి, తీసుకుని కూడా కథ నచ్చకపోతే నిక్కచ్చిగా తిప్పి పంపుతాయి. తెలుగులో ఆ ఫీజు కట్టాల్సిన అవసరం కూడా లేదు. 1998 నుంచి నడుస్తున్న ఈమాట లాంటి వెబ్ పత్రికలు రుసుము లేకుండానే కథలు చూస్తాయి.

అసలు నష్టం ఫీజులో లేదు. తొలి ప్రచురణ ఒక్కసారే జరుగుతుంది. అచ్చు పత్రికలు "ఇంతకుముందు ఎక్కడా ప్రచురితం కాలేదు" అని హామీపత్రం అడుగుతాయి. చాలాచోట్ల బ్లాగులో పెట్టినా ప్రచురితమైనట్టే లెక్క. డొమైన్ రెన్యూ చేయక మీ కథ వేసిన సైటు ఆరు నెలల్లో మాయమైనా ఆ కథ మళ్లీ కొత్తది కాదు. అందుకే పంపేముందు ఏడాది కిందటి సంచికలు తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. కథ వచ్చిన రోజే ఆ పేజీని వెబ్ పేజీల నకళ్లు దాచే వేబ్యాక్ మెషీన్ సైటులో భద్రపరచండి, పీడీఎఫ్ ఒకటి దాచుకోండి.

గూగుల్ ఫామ్ చివర "సర్వహక్కులూ శాశ్వతంగా పత్రికవే" అనే టిక్ కూడా ఉంటుంది. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, రచయిత సంతకంతో జరగాలి. కాలం రాయకపోతే అయిదేళ్లే. ఇక్కడ "శాశ్వతంగా" అని రాయించుకుంటున్నది అందుకే. ఆ టిక్కు చెల్లుతుందా లేదా అని తర్వాత కోర్టులో తేల్చుకునేకంటే, "ఒకసారి వెబ్‌లో ప్రచురణకు మాత్రమే, సంకలనానికి విడిగా అనుమతి" అని మెయిల్లో ఒప్పించుకున్నాకే పంపండి.

ఇక ప్రయోగ కథకి ప్రత్యేకంగా ఉన్న గండం, పేజీ మీద దాని ఆకారం. మామూలు వెబ్ పేజీ మీరు కొట్టిన పది స్పేసుల్నీ ఒక్కటి చేసేస్తుంది. పక్కపక్కన నడవాల్సిన రెండు కథనాలు ఫోన్‌లో ఒకదాని కింద ఒకటి పడతాయి, దాంతో మీరు అనుకున్న జంట నడక పోతుంది. డీటీపీలో వాడే అను ఫాంట్లలో కొట్టి, వెబ్‌లో వాడే యూనికోడ్‌లోకి మారిస్తే ఒత్తులు చెదురుతాయి. మాటను ముక్కలు చేసి ఒత్తునో గుణింతపు గుర్తునో ఒంటరిగా వదిలితే, అది చుక్కల వలయం ఎక్కి కూర్చుంటుంది. అక్షరాలు ఒత్తుగా కలిసిపోకుండా ఆపే, కంటికి కనిపించని గుర్తు జీరో విడ్త్ నాన్ జాయినర్ కాపీ పేస్టులో జారిపోతే "ఫేస్‌బుక్" కాస్తా "ఫేస్బుక్" అవుతుంది. వీటన్నిటినీ మించింది, కావాలని చేసిన తప్పుల్ని శ్రద్ధగా దిద్దేసే సంపాదకుడు!

కాబట్టి యూనికోడ్ ఫైలుతో పాటు అసలు రూపం కనిపించే పీడీఎఫ్ జతచేయండి. ఏ ఖాళీ, ఏ కొట్టివేత ఉద్దేశపూర్వకమో పైన రెండు వాక్యాల్లో రాయండి. ప్రచురణకు ముందు డ్రాఫ్ట్ లింకు అడిగి, ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ చూడండి. లింకు ఇవ్వలేమంటే ఆకారం ముఖ్యమైన భాగాన్ని బొమ్మగా పెట్టమనవచ్చు. కాకపోతే ఆ భాగం సెర్చ్‌లో దొరకదు, చూపులేని పాఠకులకు వినిపించే సాఫ్ట్‌వేర్‌కీ అందదు.

ఇప్పటికే డబ్బు కట్టేసినవాళ్లు ముందు కథను వెనక్కి తీసుకుంటున్నట్టు మెయిల్ పెట్టండి, ఆ తర్వాత రీఫండ్ అడగండి. పోస్టరు, యూపీఐ రసీదు, చాట్ స్క్రీన్‌షాట్లు దాచండి. స్పందన లేకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. డబ్బు పడగానే నంబరు బ్లాక్ చేసి మాయమైతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930.